సహజ, ఆర్జిత నిరోధకతలను కలిపి నడిపే సంకేత అణువులు: తరచుగా అడిగే ప్రశ్నలు

శరీరంలోకి సూక్ష్మజీవి చొరబడినప్పుడు మొదట స్పందించే కణాలు వేరు, కొన్ని రోజుల తర్వాత వచ్చి దాన్ని గురిచూసి నిర్మూలించే కణాలు వేరు. ఈ రెండు వర్గాల మధ్య వార్తలూ ఆదేశాలూ మోసేవి చిన్న చిన్న ప్రోటీన్ అణువులు. సైటోకైన్ అనే పేరు ఈమధ్య చాలామంది చెవిన పడింది గానీ, అది ఎక్కువగా భయంతో ముడిపడి ప్రచారమైంది. ఆ అణువులు రోజూ చేసే పని ఏమిటో, అది గాడి తప్పితే ఏమవుతుందో ఇక్కడ వివరించాము. ఇది వైద్య సలహా కాదు. చికిత్స విషయాలను మీ వైద్యులతోనే మాట్లాడండి.

సహజ నిరోధకత, ఆర్జిత నిరోధకత అని రెండుగా ఎందుకు విడదీస్తారు?

పుట్టుకతోనే సిద్ధంగా ఉండే రక్షణ ఏర్పాటును సహజ నిరోధకత అంటారు. చర్మం, శ్లేష్మపు పొరలు, సూక్ష్మజీవులను మింగే మాక్రోఫేజ్‌లు, న్యూట్రోఫిల్‌లు అనే కణాలు, వైరస్ సోకిన కణాలను చంపే సహజ హంతక కణాలు, రక్తంలో తిరుగుతూ సూక్ష్మజీవులకు అతుక్కుని వాటి నిర్మూలనకు తోడ్పడే కాంప్లిమెంట్ ప్రోటీన్లు ఈ కోవలోకి వస్తాయి. ఇవి నిమిషాల్లోనో గంటల్లోనో రంగంలోకి దిగుతాయి గానీ, దగ్గరి పోలిక ఉన్న రెండు సూక్ష్మజీవుల మధ్య తేడాను పెద్దగా పట్టించుకోవు. ఆర్జిత నిరోధకత టీ కణాలదీ, యాంటీబాడీలు తయారు చేసే బీ కణాలదీ; ఈ రెండూ తెల్ల రక్తకణాలే. వీటిలో ఒక్కో కణం తనదైన ఒక గ్రాహకాన్ని, అంటే నిర్దిష్ట అణువును పట్టుకునే ప్రోటీన్‌ను, మోస్తుంది కాబట్టి గురి చాలా కచ్చితంగా ఉంటుంది. అయితే ఒక నిర్దిష్ట సూక్ష్మజీవి శకలాన్ని గుర్తించగల టీ కణాలు, ఆ సూక్ష్మజీవిని ఇంతకు ముందు ఎదుర్కోని వ్యక్తిలో, లక్షకో పది లక్షలకో ఒకటి చొప్పున మాత్రమే ఉంటాయి. అంత తక్కువ కణాలు మళ్లీ మళ్లీ విభజన చెంది పోరాటానికి చాలినన్ని కావడానికి దాదాపు వారం పడుతుంది. ఒకసారి తయారైన తర్వాత వాటిలో కొన్ని జ్ఞాపక కణాలుగా ఏళ్ల తరబడి నిలుస్తాయి.

ఈ విభజన బోధనకు అనువైనదే. కానీ దాన్ని పట్టుకుని ఇవి రెండు స్వతంత్ర వ్యవస్థలని అనుకుంటే అసలు విషయం చేజారుతుంది. సహజ విభాగం నుంచి సంకేతం రానిదే ఆర్జిత విభాగం దాదాపు కదలదు. ఆర్జిత విభాగం కదిలిన తర్వాత తన పనిలో చాలా భాగాన్ని తిరిగి సహజ విభాగపు కణాల చేతే చేయిస్తుంది.

సంకేత అణువులు అంటే ఏవేవి?

వీటిలో ముఖ్యమైనవి సైటోకైన్లు. ఒక కణం నుంచి వెలువడి, మరో కణం మీద ఉన్న గ్రాహకానికి అతుక్కుని, ఆ కణం ప్రవర్తనను మార్చే చిన్న ప్రోటీన్లు ఇవి. ఇంటర్‌ల్యూకిన్లు, ఇంటర్ఫెరాన్లు, టీఎన్‌ఎఫ్ (ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్) కుటుంబం, టీజీఎఫ్-బీటా వంటి వృద్ధి కారకాలు అన్నీ ఈ గొడుగు కిందికే వస్తాయి. కణాలను ఒక చోటికి రప్పించడమే ప్రధాన పనిగా ఉన్న సైటోకైన్లను కీమోకైన్లు అంటారు. ఇవి కాక, ఒక కణం ఉపరితలం నుంచి ఇంకో కణం ఉపరితలానికి నేరుగా తాకి సమాచారం అందించే సీడీ80, సీడీ86, సీడీ40 వంటి అణువులు, కాంప్లిమెంట్ శకలాలు, ప్రోస్టాగ్లాండిన్ల వంటి కొవ్వు సంబంధిత అణువులు కూడా ఈ సంభాషణలో పాల్గొంటాయి.

హార్మోన్లకూ వీటికీ తేడా ఏమిటి?

చాలా హార్మోన్లు ఒక నిర్దిష్ట గ్రంథిలో తయారై, రక్తంలో కలిసి, దూరంగా ఉన్న అవయవం మీద పనిచేస్తాయి. సైటోకైన్లను దాదాపు ప్రతి కణజాలమూ తయారు చేయగలదు. అవి ఎక్కువగా పక్కనున్న కణాల మీద, కొన్నిసార్లు తమను తయారు చేసిన కణం మీదే పనిచేసి త్వరగా నశిస్తాయి. ఈ గీత గట్టిగా గీసింది కాదు. కాలి మీది గాయం దగ్గర పుట్టిన ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయం దాకా ప్రయాణించి అక్కడ ప్రోటీన్ల ఉత్పత్తిని మార్చగలదు.

ప్రమాదం వచ్చిందని శరీరం మొదట ఎలా పసిగడుతుంది?

రోగనిరోధక శాస్త్రంలో ఇది చాలాకాలం జవాబు దొరకని ప్రశ్న. శుద్ధి చేసిన ప్రోటీన్‌ను మాత్రమే జంతువుకు ఎక్కిస్తే స్పందన సరిగా వచ్చేది కాదు. దానికి చంపిన బాక్టీరియానో మరో సహాయక పదార్థాన్నో కలిపితే బలంగా వచ్చేది. ఎందుకలా జరుగుతుందో స్పష్టంగా చెప్పగలిగినవారు లేరు. 1989లో చార్లెస్ జేన్‌వే ఒక ప్రతిపాదన చేశారు. సూక్ష్మజీవుల్లో ఉండి మన కణాల్లో లేని కొన్ని రసాయన నమూనాలను గుర్తుపట్టే గ్రాహకాలు సహజ విభాగపు కణాల మీద ఉండాలని, వాటి నుంచి వచ్చే సంకేతమే ఆర్జిత స్పందనకు అనుమతి ఇస్తుందని ఆయన వాదించారు. అప్పటికి అటువంటి గ్రాహకం ఒక్కటి కూడా చేతికి చిక్కలేదు.

ఆధారాలు కొన్నేళ్ల తర్వాత వరుసగా వచ్చాయి. ఈగల్లో టోల్ అనే జన్యువు శిలీంధ్రాల నుంచి రక్షణ ఇస్తుందని జూల్స్ హాఫ్‌మన్ బృందం 1996లో చూపింది. 1997లో రుస్లాన్ మెడ్జిటోవ్, జేన్‌వే మనుషుల్లో దానికి సాటి అయిన ప్రోటీన్‌ను కనుగొన్నారు. బాక్టీరియా పైపొరలోని లిపోపాలీశాకరైడ్‌ను గుర్తించేది టీఎల్‌ఆర్4 (టోల్ తరహా గ్రాహకం 4) అని 1998లో బ్రూస్ బాయిట్లర్ బృందం తేల్చింది. మనుషుల్లో ఇటువంటి టోల్ తరహా గ్రాహకాలు 10 ఉన్నాయి. టీఎల్‌ఆర్5 బాక్టీరియా కశాభంలోని ప్రోటీన్‌ను, టీఎల్‌ఆర్3 రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏను, టీఎల్‌ఆర్9 సూక్ష్మజీవుల డీఎన్‌ఏలోని ఒక తరహా వరుసలను గుర్తిస్తాయి. 2011 నోబెల్ బహుమతిలో సగం బాయిట్లర్, హాఫ్‌మన్‌లకు, మిగతా సగం టీ కణాలకు కబురు మోసే డెండ్రిటిక్ కణాలను వెలుగులోకి తెచ్చిన రాల్ఫ్ స్టైన్‌మన్‌కు దక్కాయి. జేన్‌వే 2003లోనే మరణించారు. ఈ రంగంలో ఆధారం కన్నా ముందు ఆలోచన నడిచిన సందర్భాల్లో ఆయన ప్రతిపాదన అత్యంత గొప్పదని మా అభిప్రాయం.

ముల్లు గుచ్చుకుంటే మొదటి కొన్ని గంటల్లో నిజంగా ఏం జరుగుతుంది?

ముల్లుతో పాటు కొన్ని బాక్టీరియాలు చర్మం కిందికి చేరాయనుకుందాం. అక్కడ కాపురముండే మాక్రోఫేజ్‌లు వాటిని టోల్ తరహా గ్రాహకాలతో గుర్తించగానే, ఆ కణాల లోపల ఎన్‌ఎఫ్-కప్పాబీ అనే నియంత్రణ ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లి డజన్ల కొద్దీ జన్యువులను మేల్కొలుపుతుంది. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-8 తయారై బయటికి వస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా విషయంలో మాత్రం ఇంకో కట్టుదిట్టం ఉంది: అది ముందు పనిచేయని రూపంలో తయారై, ఇన్‌ఫ్లమాజోమ్ అనే ప్రోటీన్ల కూటమి రెండో ప్రమాద సంకేతాన్ని గుర్తించి కాస్పేజ్-1 అనే ఎంజైమును ఉసిగొల్పినప్పుడే కత్తిరింపు పొంది క్రియాశీలమవుతుంది. ఇంత శక్తిమంతమైన అణువు పొరపాటున బయటపడకుండా ఉండడానికే ఈ రెండంచెల ఏర్పాటు.

టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 పక్కనున్న సన్నని రక్తనాళాల లోపలి గోడను మారుస్తాయి. ఆ గోడ కణాలు సెలెక్టిన్లు అనే అంటుకునే అణువులను పైకి తెస్తాయి. రక్తంలో వేగంగా పోతున్న న్యూట్రోఫిల్‌లు వాటికి తగిలి వేగం తగ్గి, గోడ వెంబడి దొర్లి, ఇంటర్‌ల్యూకిన్-8 తగలగానే గట్టిగా అతుక్కుని, కణాల సందుల్లోంచి దూరి గాయం దగ్గరికి చేరతాయి. రక్తనాళాలు వదులై ద్రవం బయటికి ఊరుతుంది. మనకు కనిపించే ఎరుపు, వేడి, వాపు, నొప్పి ఈ క్రమం ఫలితాలే. చాలా చిన్న గాయాల్లో పని ఇక్కడితోనే ముగిసిపోతుంది. టీ కణాలకు కబురు వెళ్లే అవసరమే రాదు.

పని ముగియకపోతే ఆ కబురు టీ కణాలకు ఎలా చేరుతుంది?

దాన్ని మోసుకెళ్లేవి డెండ్రిటిక్ కణాలు. 1973లో స్టైన్‌మన్, జాన్‌విల్ కోన్ వీటిని వర్ణించారు. మామూలు రోజుల్లో ఇవి చర్మంలో, పేగుల గోడల్లో, ఊపిరితిత్తుల్లో చుట్టూ ఉన్న ద్రవాన్ని నిరంతరం తాగుతూ నమూనాలు సేకరిస్తుంటాయి. టోల్ తరహా గ్రాహకం మోగినా, చుట్టూ టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 పెరిగినా వాటి తీరు మారిపోతుంది. కొత్త నమూనాలు తీసుకోవడం తగ్గించి, అప్పటికే మింగిన ప్రోటీన్లను ముక్కలు చేసి, ఆ ముక్కలను టీ కణాలకు చూపడానికే ఉన్న ఎంహెచ్‌సీ అనే అణువుల్లో ఉంచి ఉపరితలం మీద ప్రదర్శిస్తాయి. అదే సమయంలో సీసీఆర్7 అనే గ్రాహకాన్ని పైకి తెస్తాయి. లింఫ్ నాళాలు, లింఫ్ గ్రంథులు విడుదల చేసే సీసీఎల్19, సీసీఎల్21 అనే కీమోకైన్లు ఆ గ్రాహకాన్ని ఆకర్షించడంతో, డెండ్రిటిక్ కణం గాయం విడిచి దగ్గరి లింఫ్ గ్రంథికి ప్రయాణం కడుతుంది.

ఇక్కడ గమనించదగిన సంగతి ఒకటుంది. ఇంకా ఏ సూక్ష్మజీవినీ ఎదుర్కోని టీ కణాలకు కూడా సీసీఆర్7 ఉంటుంది. కాబట్టి రక్తం నుంచి అవీ, గాయం నుంచి ఇవీ ఒకే కీమోకైన్ల వెంట ఒకే గదిలోకి వచ్చి కలుస్తాయి. లక్షల్లో ఒకటిగా ఉన్న సరైన టీ కణం సరైన డెండ్రిటిక్ కణాన్ని కలుసుకోవడం ఈ ఏర్పాటు లేకుంటే కేవలం అదృష్టం మీద ఆధారపడేది. లింఫ్ గ్రంథి లోపల ఒక డెండ్రిటిక్ కణాన్ని గంటకు వందల నుంచి వేల టీ కణాలు తాకి పోతుంటాయి. గ్రాహకం సరిపోయిన కణం మాత్రం ఆగి, గంటల తరబడి అక్కడే ఉంటుంది.

టీ కణం మేల్కొనడానికి మూడు సంకేతాలు కావాలంటారు. అవి ఏవి?

మొదటిది, టీ కణ గ్రాహకం ఎంహెచ్‌సీలోని సూక్ష్మజీవి ముక్కను గుర్తించడం. శత్రువు ఏమిటో ఇది చెబుతుంది. రెండోది, డెండ్రిటిక్ కణం మీది సీడీ80, సీడీ86 అణువులు టీ కణం మీది సీడీ28ను తాకడం. ఇక్కడ ప్రమాదం నిజంగా ఉందని ఇది ధ్రువీకరిస్తుంది. ఎందుకంటే సీడీ80, సీడీ86 దండిగా పైకి వచ్చేది ప్రమాదాన్ని పసిగట్టిన డెండ్రిటిక్ కణం మీదే. మొదటి సంకేతం మాత్రమే అంది రెండోది అందకపోతే టీ కణం మేల్కొనకపోగా, మళ్లీ పిలిచినా పలకని స్థితిలోకి జారుకోవచ్చు. మన సొంత ప్రోటీన్ల మీద దాడి జరగకుండా కాపాడే మార్గాల్లో ఇది ముఖ్యమైనది. మూడో సంకేతం సైటోకైన్లది. టీ కణం ఏ తరహా పనివాడుగా మారాలో అది నిర్ణయిస్తుంది.

సంకేతాలు సరిగా అందిన టీ కణం ఇంటర్‌ల్యూకిన్-2 తయారు చేసుకుని, దాన్ని తానే అందుకుని వేగంగా విభజన చెందుతుంది.

ఏ తరహా స్పందన కావాలో సైటోకైన్లు ఎలా నిర్ణయిస్తాయి?

ఈ పేజీలో నిదానంగా చదవవలసిన జవాబు ఇదే. కణాల లోపల దాక్కునే బాక్టీరియాను ఎదుర్కొనే పద్ధతి వేరు, పేగులో ఉండే నులిపురుగును ఎదుర్కొనే పద్ధతి వేరు, చర్మం మీది శిలీంధ్రాన్ని ఎదుర్కొనే పద్ధతి వేరు. ఇతర రోగనిరోధక కణాలను నడిపించే సహాయక టీ కణాల్లో వేర్వేరు తరహాలు ఉన్నాయని 1986లో టిమ్ మాస్‌మన్, రాబర్ట్ కాఫ్‌మన్ ఎలుకల కణాల్లో చూపారు.

డెండ్రిటిక్ కణం ఇంటర్‌ల్యూకిన్-12 విడుదల చేస్తే సహాయక టీ కణం టీహెచ్1గా మారి, ఇంటర్ఫెరాన్-గామాను తయారు చేస్తుంది. చుట్టూ ఇంటర్‌ల్యూకిన్-4 ఉంటే టీహెచ్2గా మారి ఇంటర్‌ల్యూకిన్-4, 5, 13లను ఇస్తుంది; ఇవి ఇసినోఫిల్‌లు అనే తెల్ల రక్తకణాలనూ, అలర్జీలో పాల్గొనే ఐజీఈ తరగతి యాంటీబాడీలనూ, శ్లేష్మ ఉత్పత్తినీ పెంచుతాయి. టీజీఎఫ్-బీటాతో పాటు ఇంటర్‌ల్యూకిన్-6 ఉంటే టీహెచ్17గా మారి, ఇంటర్‌ల్యూకిన్-17 ద్వారా న్యూట్రోఫిల్‌లను పిలిపిస్తుంది. అదే టీజీఎఫ్-బీటా ఉండి ఇంటర్‌ల్యూకిన్-6 లేకపోతే స్పందనను అణచే నియంత్రణ టీ కణంగా మారగలదు. ఒక్క సైటోకైన్ ఉండడం, లేకపోవడం ఒకే కణాన్ని పూర్తిగా విరుద్ధమైన రెండు దారుల్లో నడిపించగలదన్నమాట. పైగా ఇంటర్ఫెరాన్-గామా టీహెచ్2 దారిని, ఇంటర్‌ల్యూకిన్-4 టీహెచ్1 దారిని అణచివేస్తాయి కాబట్టి, మొదట పడిన అడుగు తనను తాను బలపరుచుకుంటుంది.

ఇది మనుషుల్లో ఎంత తేడా తెస్తుందో కుష్ఠువ్యాధిని చూస్తే తెలుస్తుంది. కారణమైన బాక్టీరియా ఒక్కటే. టీహెచ్1 స్పందన బలంగా ఉన్నవారిలో ఇంటర్‌ల్యూకిన్-2, ఇంటర్ఫెరాన్-గామా ఎక్కువగా ఉండి, మాక్రోఫేజ్‌లు బాక్టీరియాను చంపుతాయి. మచ్చలు కొద్దిగా ఉంటాయి, వాటిలో బాక్టీరియా కనిపించడమే అరుదు, అయితే నరాలు దెబ్బతినే ముప్పు ఉంటుంది. ఇది ట్యూబర్‌క్యులాయిడ్ రూపం. ఇంటర్‌ల్యూకిన్-4, ఇంటర్‌ల్యూకిన్-10 పైచేయిగా ఉన్నవారిలో యాంటీబాడీలు పుష్కలంగా తయారైనా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే బాక్టీరియా కణాల లోపల ఉంది, యాంటీబాడీ అక్కడికి చేరలేదు. మాక్రోఫేజ్‌లు బాక్టీరియాతో నిండిపోయి వ్యాధి శరీరమంతా వ్యాపిస్తుంది. ఇది లెప్రొమేటస్ రూపం. చాలామంది రోగులు ఈ రెండు చివరల నడుమ ఎక్కడో ఉంటారు. రోగనిరోధక స్పందన ఎంత బలంగా ఉందన్నది ఒక్కటే చాలదని, అది ఏ తరహాదన్నది కూడా అంతే ముఖ్యమని చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ మాకు తెలియదు.

బీ కణాలకు కూడా ఇటువంటి అనుమతి అవసరమా?

అవసరమే. ప్రోటీన్లకు వ్యతిరేకంగా మంచి యాంటీబాడీలు తయారు కావాలంటే బీ కణానికి సహాయక టీ కణం తోడ్పాటు కావాలి. టీ కణం మీది సీడీ40 లైగాండ్ (సీడీ40కి అతుక్కునే అణువు) బీ కణం మీది సీడీ40ను తాకడం, ఇంటర్‌ల్యూకిన్-21 అందడం అందులో కీలకం. ఏ తరగతి యాంటీబాడీ తయారు కావాలో కూడా సైటోకైన్లే సూచిస్తాయి: ఇంటర్‌ల్యూకిన్-4 ఐజీఈ వైపు, టీజీఎఫ్-బీటా ఐజీఏ వైపు మొగ్గు చూపేలా చేస్తాయి.

సహజ విభాగానికి చెందిన కాంప్లిమెంట్ కూడా నేరుగా బీ కణంతో మాట్లాడుతుంది. కాంప్లిమెంట్ తన సీ3డీ శకలాన్ని సూక్ష్మజీవికి అతికిస్తుంది. ఎలుకలతో చేసి 1996లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక ప్రోటీన్‌కు మూడు సీ3డీ ప్రతులను జత చేసినప్పుడు యాంటీబాడీ స్పందన కలిగించే శక్తి దాదాపు 10,000 రెట్లు పెరిగింది.

ఆదేశాలు సహజ విభాగం నుంచి ఆర్జిత విభాగానికి మాత్రమే వెళతాయా?

లేదు, తిరుగు దారిలో వెళ్లేవి కూడా అంతే ముఖ్యం. క్షయ బాక్టీరియాను మింగిన మాక్రోఫేజ్ చాలాసార్లు దాన్ని సొంతంగా చంపలేదు. టీహెచ్1 కణం వచ్చి ఇంటర్ఫెరాన్-గామా అందించి, సీడీ40 లైగాండ్‌తో తాకినప్పుడే దాని సంహార శక్తి పూర్తిగా బయటికి వస్తుంది. అదే మాక్రోఫేజ్ ఇంటర్‌ల్యూకిన్-12 ద్వారా టీ కణాన్ని మళ్లీ ప్రోత్సహిస్తుంది. ఈ వలయం ఎంత అవసరమో పుట్టుకతో అందులో లోపం ఉన్న పిల్లల్లో తెలిసింది. ఇంటర్ఫెరాన్-గామా గ్రాహకం లోపించిన పిల్లల గురించి 1996లో నివేదికలు వచ్చాయి. ఆరోగ్యవంతులకు హాని చేయని, బలహీనపరిచిన బీసీజీ టీకా బాక్టీరియా కూడా వారిలో తీవ్రమైన వ్యాధి కలిగించగలదు. ఇంటర్‌ల్యూకిన్-12 దారిలో లోపం ఉన్నవారిలో బీసీజీతో పాటు సాల్మొనెల్లా కూడా ఇబ్బంది పెడుతుంది.

యాంటీబాడీలది కూడా ఇదే కథ. యాంటీబాడీ కొన్నిసార్లు వైరస్‌ను నేరుగా అడ్డుకుంటుంది; చాలాసార్లు మాత్రం సూక్ష్మజీవికి గుర్తుగా అతుక్కుని, దాన్ని మింగమని మాక్రోఫేజ్‌లకు, చంపమని సహజ హంతక కణాలకు, చిల్లులు పొడవమని కాంప్లిమెంట్‌కు అప్పగిస్తుంది.

వైరస్‌ల విషయంలో ఇంటర్ఫెరాన్ల పాత్ర ఏమిటి?

1957లో అలిక్ ఐజక్స్, జీన్ లిండెన్‌మన్ ఇంటర్ఫెరాన్‌ను గుర్తించారు. వైరస్ సోకిన కణం ఒకటో రకం ఇంటర్ఫెరాన్లను, అంటే ఆల్ఫా, బీటాలను విడుదల చేస్తుంది. వాటిని అందుకున్న పొరుగు కణాలు వైరస్ తమలో వృద్ధి చెందకుండా వందల జన్యువులను క్రియాశీలం చేసుకుంటాయి. అంతటితో ఆగకుండా ఆ ఇంటర్ఫెరాన్లే డెండ్రిటిక్ కణాలను పరిపక్వం చేస్తాయి, సహజ హంతక కణాలను ఉసిగొల్పుతాయి, వైరస్ సోకిన కణాలను గురిచూసి చంపే హంతక టీ కణాలు నిలదొక్కుకోవడానికి సాయపడతాయి.

2020లో ఒక అంతర్జాతీయ బృందం ప్రాణాంతక కోవిడ్ న్యుమోనియా వచ్చినవారిని పరీక్షించగా, కనీసం 10 శాతం మందిలో ఒకటో రకం ఇంటర్ఫెరాన్లనే అడ్డుకునే యాంటీబాడీలు కనిపించాయి. తొలి సంకేతం దెబ్బతింటే తర్వాతి స్పందనంతా ఆలస్యమవుతుందని దీని వల్ల తేటతెల్లమైంది.

జ్వరం ఎందుకు వస్తుంది? గ్రంథులు ఎందుకు ఉబ్బుతాయి?

ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్‌ఎఫ్ మెదడులోని హైపోథాలమస్ దగ్గర ప్రోస్టాగ్లాండిన్-ఈ2 తయారీని పెంచుతాయి. దాంతో శరీర ఉష్ణోగ్రతకు మెదడు పెట్టుకున్న స్థాయి పైకి జరుగుతుంది. జ్వరం మందులు ఎక్కువగా ఈ ప్రోస్టాగ్లాండిన్ తయారీనే తగ్గిస్తాయి. నీరసం, ఆకలి మందగించడం, నిద్రమత్తు కూడా చాలావరకు ఈ సైటోకైన్ల ప్రభావమే.

ఇక మెడ దగ్గరో చంకలోనో గ్రంథి ఉబ్బడం వెనుక ఒక చక్కని యంత్రాంగం ఉంది. ఒకటో రకం ఇంటర్ఫెరాన్ లింఫ్ గ్రంథిలోని కణాల మీద సీడీ69 అనే అణువును పైకి తెస్తుంది; అది, గ్రంథి నుంచి బయటికి దారి చూపే గ్రాహకాన్ని కణం లోపలికి లాగేస్తుంది. లోనికి వచ్చే కణాలు వస్తూనే ఉంటాయి, బయటికి పోయేవి తాత్కాలికంగా ఆగిపోతాయి. సరైన టీ కణం దొరికే అవకాశం అలా పెరుగుతుంది.

ఒకే సైటోకైన్ వేర్వేరు చోట్ల వేర్వేరు పనులు ఎలా చేస్తుంది?

సైటోకైన్‌లో ఉన్నది ఒక సంకేతం మాత్రమే. దానికి అర్థాన్ని ఇచ్చేది అందుకునే కణం. అనేక సైటోకైన్ల గ్రాహకాలు జాక్ అనే ఎంజైములను, అవి స్టాట్ అనే ప్రోటీన్లను క్రియాశీలం చేస్తాయి. స్టాట్‌లు కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను తెరుస్తాయి. ఏ జన్యువులు తెరుచుకోవడానికి సిద్ధంగా ఉన్నాయన్నది కాలేయ కణంలో ఒకలా, టీ కణంలో మరోలా ఉంటుంది.

గ్రాహకాల భాగాలను పంచుకోవడం మరో కారణం. ఇంటర్‌ల్యూకిన్-2, 4, 7, 9, 15, 21ల గ్రాహకాలన్నిటికీ ఉమ్మడి గామా గొలుసు అనే ఒకే భాగం అవసరం. ఎక్స్ క్రోమోజోమ్ మీదున్న ఆ ఒక్క జన్యువు దెబ్బతిన్న మగపిల్లల్లో టీ కణాలు, సహజ హంతక కణాలు దాదాపుగా ఉండవు, బీ కణాలు ఉన్నా సరిగా పనిచేయవు. మూలకణ మార్పిడి గానీ జన్యు చికిత్స గానీ లేకుండా ఆ పిల్లలు చాలాకాలం బతకడం కష్టం.

ఈ స్పందనను ఆపేది ఎవరు?

ఆపడానికి కూడా సంకేతాలే ఉన్నాయి. ఇంటర్‌ల్యూకిన్-10 మాక్రోఫేజ్‌లనూ డెండ్రిటిక్ కణాలనూ శాంతపరుస్తుంది. దాని గ్రాహకంలో లోపంతో పుట్టిన శిశువులకు మొదటి నెలల్లోనే తీవ్రమైన పేగువాపు వస్తుంది. నియంత్రణ టీ కణాలు ఇంటర్‌ల్యూకిన్-10, టీజీఎఫ్-బీటాలను విడుదల చేయడంతో పాటు, చుట్టూ ఉన్న ఇంటర్‌ల్యూకిన్-2ను తామే వాడేసుకుని ఇతర టీ కణాలకు అందకుండా చేస్తాయి. ఈ కణాలకు ఫాక్స్‌పీ3 అనే జన్యువు తప్పనిసరి. వీటికి సంబంధించిన పరిశోధనలకే మేరీ బ్రంకోవ్, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచిలకు 2025లో నోబెల్ బహుమతి లభించింది.

సైటోకైన్ తుఫాను అంటే ఏమిటి?

సైటోకైన్లు స్థానికంగా ఉండవలసిన హద్దు దాటి రక్తమంతా నిండి, ఒకదాన్ని మరొకటి పెంచుకుంటూ పోయే స్థితి. రక్తనాళాలన్నీ ఒకేసారి వదులైతే రక్తపోటు పడిపోతుంది, ద్రవం ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, అవయవాలు దెబ్బతింటాయి. 2006 మార్చిలో లండన్‌లో టీజీఎన్1412 అనే ప్రయోగాత్మక మందును ఆరుగురు ఆరోగ్యవంతులకు ఇచ్చారు. అది టీ కణాల మీది సీడీ28ను, అంటే పైన చెప్పిన రెండో సంకేతాన్ని, మొదటి సంకేతంతో నిమిత్తం లేకుండా నేరుగా మోగించే యాంటీబాడీ. గంటన్నర లోపే వారందరికీ తలనొప్పి, చలి, వికారం మొదలయ్యాయి. ఆ తర్వాత పలు అవయవాలు విఫలమయ్యాయి. ఆరుగురూ ప్రాణాలతో బయటపడ్డారు. మొదటిసారి మనుషులపై ప్రయోగించే మందుల నిబంధనలు ఆ తర్వాత కఠినమయ్యాయి.

క్యాన్సర్‌ను గుర్తించే గ్రాహకాన్ని టీ కణాలకు అమర్చి రోగికి ఎక్కించే కార్-టీ కణ చికిత్సలో కూడా ఇటువంటి స్థితి ఏర్పడవచ్చు. ఇంటర్‌ల్యూకిన్-6 గ్రాహకాన్ని అడ్డుకునే టోసిలిజుమాబ్‌ను ఆ సందర్భంలో వాడడానికి అమెరికాలో 2017లో అనుమతి లభించింది. కోవిడ్‌లో డెక్సామెథసోన్ ఆక్సిజన్ అవసరమైన రోగుల్లో మరణాలను తగ్గించింది, ఆక్సిజన్ అక్కర్లేనివారికి మాత్రం మేలు చేయలేదు. వాపును అణచే మందు ఎప్పుడు ఇస్తున్నామన్నది ఎంత ముఖ్యమో ఆ ఫలితం చెబుతుంది.

టీకాల్లో ఈ అవగాహన ఎలా ఉపయోగపడుతోంది?

టీకాలో సూక్ష్మజీవి ప్రోటీన్ మాత్రమే ఉంటే మొదటి సంకేతం అందుతుంది గానీ రెండోది, మూడోది అందవు. అందుకే సహాయక పదార్థం కలుపుతారు. 1920ల నుంచి వాడుతున్న అల్యూమినియం లవణాలు అనుభవం మీద కనుగొన్నవి. ఇప్పటివి తెలిసి ఎంచుకున్నవి: విషతత్వం తీసేసిన లిపోపాలీశాకరైడ్ రూపమైన ఎంపీఎల్, టీఎల్‌ఆర్4ను తాకుతుంది, ఒక హెపటైటిస్-బీ టీకాలోని సీపీజీ డీఎన్‌ఏ, టీఎల్‌ఆర్9ను తాకుతుంది. ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలకు ఎదురైన సమస్య దీనికి తలకిందులు. ఆర్‌ఎన్‌ఏ మరీ గట్టిగా హెచ్చరిక గంట మోగించేది. దానిలోని న్యూక్లియోసైడ్‌లను కొద్దిగా మారిస్తే ఆ హెచ్చరిక తగ్గుతుందని కటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ 2005లో చూపారు. 2023లో నోబెల్ అందుకున్నారు.

సైటోకైన్లను అడ్డుకునే మందుల వల్ల ఇన్‌ఫెక్షన్లు వస్తాయా?

కొన్నిటి వల్ల ముప్పు పెరుగుతుంది, అయితే ఏ ముప్పు అన్నది ఏ అణువును అడ్డుకుంటున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. కీళ్లవాతానికి, క్రోన్స్ వ్యాధికి వాడే టీఎన్‌ఎఫ్ నిరోధకాలు 1998 నుంచి వైద్యంలో ఉన్నాయి. క్షయ బాక్టీరియాను చుట్టుముట్టి బంధించిన కణాల గడ్డ చెదరకుండా ఉండడానికి టీఎన్‌ఎఫ్ అవసరం కాబట్టి, ఈ మందు మొదలుపెట్టే ముందు నిద్రాణ క్షయకు పరీక్ష చేస్తారు. ఇంటర్‌ల్యూకిన్-17ను అడ్డుకునే సోరియాసిస్ మందుల వల్ల నోట్లో, చర్మం మీద క్యాండిడా శిలీంధ్రం పెరిగే అవకాశం ఉంది. ఉబ్బసంలో వాడే ఇంటర్‌ల్యూకిన్-5 నిరోధకాలకు ఇటువంటి ముప్పు తక్కువ.

ఆహారంతో, మాత్రలతో రోగనిరోధక శక్తిని పెంచుకోవచ్చా?

పోషకాహార లోపం ఉంటే దాన్ని సరిచేయడం, సరిపడా నిద్ర, వేసుకోవలసిన టీకాలు వేసుకోవడం మేలు చేస్తాయి. అంతకు మించి, ఫలానా మాత్ర రోగనిరోధక శక్తిని మొత్తంగా పెంచుతుందనే ప్రచారాన్ని మేము సమర్థించలేము. ఏ శక్తిని పెంచుతున్నట్టు? టీహెచ్2 పెరిగితే అలర్జీ, టీహెచ్17 పెరిగితే సోరియాసిస్, ఒకటో రకం ఇంటర్ఫెరాన్ అదుపు లేకుండా ఉంటే లూపస్ తరహా వ్యాధులు. హెపటైటిస్-సీకి ఒకప్పుడు ఇంటర్ఫెరాన్-ఆల్ఫాను ఇంజెక్షన్‌గా ఇచ్చేవారు. దాంతో ఫ్లూ లాంటి జ్వరం, నీరసం, కొందరిలో తీవ్రమైన మానసిక కుంగుబాటు వచ్చేవి. ఒక సంకేతాన్ని నిజంగా పెంచితే ఎలా ఉంటుందో ఆ రోగులు అనుభవించారు.

రక్తపరీక్షలో సైటోకైన్లను కొలిచి నా నిరోధకత ఎలా ఉందో తెలుసుకోవచ్చా?

ఆరోగ్యంగా ఉన్నవారికి అటువంటి పరీక్ష ఉపయోగపడదు. ఈ అణువులు పనిచేసేది కణజాలంలో, అదీ కొద్ది దూరంలో. రక్తంలోకి చేరేది కొంత మాత్రమే, అది కూడా త్వరగా మాయమవుతుంది. అందుకే వైద్యులు ఎక్కువగా ఇంటర్‌ల్యూకిన్-6 ఆదేశం మీద కాలేయం తయారు చేసే, వాపును సూచించే సీఆర్‌పీ అనే ప్రోటీన్‌ను కొలుస్తారు. దీనికీ ఒక మినహాయింపు గుర్తుంచుకోవాలి: టోసిలిజుమాబ్ తీసుకుంటున్నవారిలో ఇంటర్‌ల్యూకిన్-6 ఆదేశం కాలేయానికి అందదు కాబట్టి, లోపల తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ ఉన్నా సీఆర్‌పీ మామూలుగానే కనిపించవచ్చు, జ్వరం కూడా పెద్దగా రాకపోవచ్చు. ఆ మందు వాడుతున్నవారు ఒంట్లో బాగాలేదనిపిస్తే, పరీక్ష ఫలితం బాగుందని ఊరుకోకుండా, మందు సంగతి చెప్పి వైద్యులకు చూపించుకోవాలి.